మూల నుంచి మూలకు

ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూంలో పార్సిల్ విప్పారు. లోపల ఇ-బుక్ రీడర్ ఉంది. అందులో పుస్తకాలు తప్ప ఇంకేమీ రావు. మా బడిలో చదువుకున్న ఒకాయన సింధు కోసం పంపించాడు.

సింధు నా పక్కనే కూర్చుంటుంది. తనకు చూపు తక్కువ. బాగా పెద్ద అక్షరాలైతేనే కనిపిస్తాయి. ఇన్నాళ్లూ పాఠాలు నేనే చదివి వినిపించేదాన్ని. "ఇంక ఏడో తరగతి తెలుగు నేనే చదువుకుంటా" అని నెల నుంచీ ఎదురుచూస్తోంది.

సైజు చెప్పింది నేనే. తెప్పించే ముందు కరుణాకరం సారు అడిగారు.

"ఆరంగుళాలదా, పదంగుళాలదా? సింధుని అడిగి చెప్పు రమ్యా."

నేను అడగలేదు. మా నాయన మార్కాపురంలో పలకలు కోస్తాడు. పలక ఆరు అంటే అడ్డం ఆరు, నిలువు ఇంకా ఎక్కువ. అది చాలనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. సింధు పుస్తకాలు మోసేది నేనే. పెద్దదైతే బరువు.

"ఆరు సార్" అని చెప్పేశాను.

ఇప్పుడు చూస్తే అది సారు అరచేతిలో ఇమిడిపోయింది. స్కేలు పెట్టాను. అడ్డం నాలుగు కూడా లేదు.

"స్క్రీన్‌ని పలక మాదిరి కొలవరు. ఈ మూల నుంచి ఆ మూలకు కొలుస్తారు" అన్నారు సారు. "ఏం సింధూ, కనిపిస్తా ఉందా?"

సింధు అక్షరాలు పెద్దవి చేసింది. వరుసకు ఒక్క మాటే పట్టింది. తను నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"కనిపిస్తా ఉంది సార్. నా సంచిలో కూడా పడతాది."

సింధు నా వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి ఇంటర్వెల్‌లో కిటికీ దగ్గర కూర్చుని చదివేది. ఒక్క వాక్యానికి మూడుసార్లు పేజీ తిప్పాలి. చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేది. పన్నెండో రోజు దాన్ని నా సంచిలో పెట్టేసింది.

"నువ్వే పెట్టుకో. నీ సంచి కోసమే గదా తెప్పించినావు."

"సారుకు అప్పుడే చెప్పొచ్చు గదా?"

"నువ్వే చెప్తివి గదా, కనిపిస్తా ఉందని. కళ్లు నీవా, నావా?"

సారు దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన బిల్లు తీసి తేదీ చూశారు.

"పది రోజుల్లోపల అయితే మార్చి ఇచ్చేవాళ్లు. మొన్నటితో అయిపోయింది. పంపించినాయన్ను ఇప్పుడే మళ్లీ అడగలేం. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏటికి మాకు ఏడో తరగతి ఉండదు.

ఇంట్లో పాత అట్టపెట్టె ఉంటే నాయన స్కేలుతో కొలిచి కత్తిరించాను. మూల నుంచి మూలకు ఏడు, ఎనిమిది, పది. మూడింటి మీదా పాఠంలోని ఒకే వాక్యం సింధుకు కనిపించేంత పెద్దగా రాశాను. చిన్న అట్టల మీద వాక్యమంతా పట్టలేదు.

మర్నాడు వాటిని సింధు ముందు పెట్టాను.

"ఏది సరిపోతాదో నువ్వే చెప్పు."

చాలాసేపు చూసింది. ఏడును పక్కకు నెట్టింది. ఎనిమిదిని కంటి దగ్గరకు తెచ్చుకుని, అదీ నెట్టింది. పదంగుళాల అట్ట మీద వేలు పెట్టి, ఆగకుండా వాక్యమంతా చదివింది.

"ఇది."

అట్ట వెనక 'పది, సింధు చెప్పింది' అని రాసి సారుకు ఇచ్చాను. వచ్చే ఏడు కోసం ఆయన బీరువాలో పెట్టారు.

సాయంత్రం బెల్ అయింది. సింధు సంచి మీదికి నా చెయ్యి పోబోయి ఆగింది.

"నేను మోసేదా?" అని అడిగాను.

"వద్దు" అంది సింధు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.