మిషన్ వంతు

పాల గ్లాసు ముందు కూర్చున్న ఐదేళ్ల పిల్ల పొద్దున్నే మళ్లీ దగ్గింది. ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలుచుకునే పిల్ల అది. ఆ దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తల్లికి తెలుసు. ముందు గొంతులో గరగర, తర్వాత ఛాతీలో పిల్లికూతలు, ఆపైన ఊపిరందక కళ్లు తేలెయ్యడం. ఇంట్లోనే ఏదో పిల్లకు పడటం లేదనీ, అదేమిటో త్వరగా కనిపెట్టమనీ, ఈసారి ముదిరితే ఆసుపత్రిలో చేర్చాల్సిందేననీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

తండ్రి లిఫ్టు మెకానిక్. వైర్లన్నీ ఒకేసారి పీకితే ఏది పాడైందో ఎప్పటికీ తెలియదంటాడు. కూరలో ఉప్పు తగ్గినా చిటికెడు వేసి, కలిపి, ఆగి, రుచి చూసే మనిషి. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. మొదట దిండు మార్చి నాలుగు రోజులు చూశాడు. తర్వాత దుప్పటి. ఇక కర్టెన్ల వంతు.

ఇంట్లోనే బట్టలు కుట్టే తల్లికి అంత ఓపిక ఎక్కడిది? మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, కొలతైనా తీసుకోకుండా గౌను గుడ్డకు కత్తెర పెట్టేసే రకం ఆమె. ఆయన పనికి వెళ్లగానే కర్టెన్లు, తివాచీ, పరుపు, ఆఖరికి పిల్ల హత్తుకుని పడుకునే ఎలుగుబంటి బొమ్మ కూడా వాకిట్లో పడేసింది. అత్తగారు వద్దంటున్నా వినలేదు.

సాయంత్రం ఆయన ఆ గుట్ట చూసి చెప్పులు విప్పడం కూడా మర్చిపోయాడు.

"ఇప్పుడు దగ్గు తగ్గినా, దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే పోయింది, తగ్గితే చాలదా? అది పిల్లండీ, లిఫ్టు కాదు."

మాటా మాటా పెరిగింది. ఆమెది తొందరపాటని ఆయన, ఆయనది రాతిగుండె అని ఆమె. అత్తగారు ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు తనని వాకిట్లో పడేసి తర్వాత అరుచుకోమంది. అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది.

ఇద్దరూ పరుగెత్తారు. మందు పీల్పించి, వీపు నిమిరి, పిల్ల ఊపిరి కుదుటపడేదాకా పక్కనే కూర్చున్నారు. అత్తగారు పిల్లను వాకిట్లోకి తీసుకెళ్లాక బోసిపోయిన ఆ గదిలో కుట్టు మిషన్ ఒక్కటే మిగిలింది. పెళ్లికి ముందు ఆమె సొంత సంపాదనతో కొనుక్కున్న మిషన్ అది. దాని కింద గుడ్డ పీలికలు, చుట్టూ నేలంతా తెల్లటి నూగు.

"ఒక్కోటీ చూస్తూ వచ్చారు కదా," అంది మెల్లగా. "దీని వంతు ఎప్పుడు?"

ఆయన తల దించుకున్నాడు. "ఆఖర్న పెట్టాను. దీనివల్లే అని తేలితే జన్మంతా నిన్ను నువ్వే తిట్టుకుంటావు. ఈలోపు ఇంకేదైనా దొరుకుతుందేమోనని చూశాను."

ఆమె మిషన్ మీద చెయ్యి వేసింది. "నాకు మొదటి రోజే అనిపించింది. ఇది కాకూడదనే మిగతావన్నీ బయట పడేశాను."

వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మిషన్‌ను ఒక పక్క పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుని రెండో పక్క పట్టింది. మేడ మీది ఖాళీ గదికి చేర్చి వచ్చాక, నేల మీది నూగంతా ఆమే తడిగుడ్డతో తుడిచింది.

ఎలుగుబంటి లోపలికి రావచ్చా అని గుమ్మంలోంచి పిచ్చుక అడిగింది. అంతటి నిదానస్తుడూ ఆ గొంతుకు కరిగిపోయి, గబగబా వాకిట్లోకి నడిచాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగండి. ఉతికి ఉంచుతాను. నాలుగు రోజులు చూసి ఇద్దాం," అంది. "ఒక్కోటీ."