కుండకు బిగించిన స్పీకరు

మా ఆయన అంబాదాస్‌కు పాటలు గట్టిగా వినాలి. ఏళ్ల తరబడి పవర్‌లూమ్ మోతలో పనిచేసి చెవులు మందగించాయి. బీడీ కార్మికులకు కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో మాది చిన్న ఇల్లు. అందులో ఉన్న పాత స్టీరియోకు స్పీకర్లు చిరిగిపోతే, అశోక్ చౌక్ దగ్గర పాత కార్ల సామాను అమ్మేవాడి దగ్గర రెండు తలుపు స్పీకర్లు తెచ్చాడు.

"కారుయి ఇంట్ల నడుస్తయా?" అన్నాను.

"ఎందుకు నడువయి? ఇవి నాలుగు ఓమ్‌లయి, మన డబ్బా ఎనిమిదికి చేసింది. సీదా కలిపితే కాలిపోతది. ఒకదాని ఎన్క ఒకటి జోడిస్తే బరాబర్ ఐతది."

కారు తలుపులో ఉన్నట్టు వెనక ఖాళీ లేకపోతే పాటలో దరువు గట్టిగా రాదట. అందుకని రెండు కొత్త మట్టి కుండలు తెచ్చి, మూతులకు స్పీకర్లు బిగించాడు. ఆ రోజు పాట నిజంగానే గుండెల్లో మోగింది. మా అత్తమ్మ చంద్రభాగ కూడా బీడీ ఆకు కత్తిరించడం ఆపి తల ఊపింది.

కొన్నాళ్లకు వాసన మొదలైంది. పులిసిన గంజి, దాని వెనకే కడగని నోటి కంపు. ఎలుక చచ్చిందేమోనని ఇల్లంతా కడిగాను. కుండల మీద జిగట పట్టింది. నీళ్ల కుండ చెమర్చినట్టు కాదు... తుడిస్తే గుడ్డకు అంటుకుని తీగలు సాగింది. అన్నం కంచాలు గుమ్మం బయటికి తెచ్చుకుని తినేవాళ్లం.

ఒక సాయంత్రం వాన. కరెంటు పోయింది. అంబాదాస్ ఇంకా కార్ఖానాలోనే ఉన్నాడు. గుమ్మం వెలుతురులో నేనూ అత్తమ్మా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాం.

చప్... చప్...

నోరు తెరిచి నములుతున్న చప్పుడు. మధ్యలో ఒక గుటక.

"అత్తమ్మా, తంబాకు నములుతున్నవా?"

ఆమె నా వైపు చూసింది. పెదవులు మూసే ఉన్నాయి.

"నువ్వే ఏందో తింటున్నవనుకున్న," అంది మెల్లగా.

ఇద్దరం కుండల వైపు తిరిగాం.

"ఎలుకనే ఉంటది, రూపాలీ. తీసి అవతల పడెయ్యి."

లేచి వెళ్లాను. దగ్గరికి పోగానే నమలడం ఆగింది. స్పీకరు మీది నల్ల కాగితం తడిగా మెరుస్తోంది. అంచు పట్టుకుని లాగబోతే చూపుడువేలు జారి దాని మీద పడింది.

కాగితం కాదు. వెచ్చగా ఉంది. మెత్తగా... పంటి చిగురు కండలా. వేలు లోపలికి దిగిపోయింది. గరుకుగా ఏదో కదిలి దాని చుట్టూ చుట్టుకుంది.

చప్పరించింది. తీరిగ్గా.

నేను అరిచిన అరుపుకు అత్తమ్మ వచ్చి నడుము పట్టి గుంజింది. వేలు చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. అక్కడే కక్కుకున్నాను. ఆమె రోకలి తెచ్చి కుండను పగలగొట్టింది.

ఎలుక లేదు. గోధుమరంగు ఉమ్మి, అందులో నమిలి నమిలి ముద్దలైన వెంట్రుకలు. కొన్ని నల్లవి. కొన్ని నెరిసినవి. అత్తమ్మ చెయ్యి తన కొప్పు మీదికి పోయింది.

ఇంటికి వచ్చిన అంబాదాస్ నేల వైపు చూసి ముక్కు మూసుకున్నాడు. పెంకులూ, రెండో కుండా గోనెసంచిలో కట్టి దూరంగా నాలాలో పడేసి వచ్చాడు.

కంపు పోయింది. నా వేలు మాత్రం ఆరడం లేదు. ఎంత తుడిచినా నీళ్లలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంటుంది. ఆకు తడిసిపోతోందని బీడీ కార్ఖానాలో నా బీడీలు ఏరి పక్కన పడేస్తున్నారు. బీడీలు చుట్టడం తప్ప నాకు ఇంకో పని రాదు. డాక్టరు ఇచ్చిన మందుకు లొంగలేదు.

రాత్రి వేలికి గుడ్డ గట్టిగా కట్టి పడుకుంటాను. పొద్దున ముడి కట్టింది కట్టినట్టే ఉంటుంది. విప్పితే లోపల పళ్ల గాట్లు. నా పళ్ల కింద పెట్టి చూసుకున్నాను, సరిపోలేదు. అవి చాలా చిన్నవి, పాలపళ్లంత.

మొదట్లో కింది రెండే ఉండేవి. ఇప్పుడు పై వరుస కూడా వస్తోంది.