షోకేసులో సిసిలీ

2069లో సిసిలీ దీవిలోని పలెర్మో హోటళ్ళలో తెలుగువాళ్ళని గుర్తుపట్టడం చాలా తేలిక. ఊరించే వంటకాలు ఎదురుగా పెట్టుకుని, సంతాపసభకి వచ్చినవాళ్ళలా నములుతూ ఉంటారు. చెవి వెనక బొట్టుబిళ్ళంత పట్టీ, పళ్ళెం పక్కన కుంకుమభరిణె లాంటి చిన్న డబ్బా. దాని పేరు అనుభవ భరిణె.

"నొక్కావా?" అన్నాడు నిహాంత్.

"నొక్కానండీ," అంది అతని భార్య జోషిత.

"ఆకుపచ్చ దీపం వెలిగిందా?"

"వెలిగింది."

"సరే, తిను. మోచెయ్యి తగిలి డబ్బా పడేను, జాగ్రత్త."

జోషిత వంకాయ ముక్క నోట్లో పెట్టుకుంది. కపొనాతా అంటారట దాన్ని. వంకాయ, ఆలివ్ కాయలు, టొమాటో, కాస్త పులుపు, కాస్త తీపి. పక్క బల్ల దగ్గర భరిణె లేని ముసలాయన ఒకడు అదే తింటూ, కళ్ళు మూసుకుని తనలో తనే నవ్వుకున్నాడు. జోషితకి మాత్రం తడిసిన అట్టముక్క నమిలినట్టుంది.

భరిణె పనిచేసే తీరే అది. నాలుక, ముక్కు, కళ్ళ నుంచి మెదడుకి చేరే సంకేతాల్ని పట్టీ దారిలోనే పట్టుకుంటుంది. కాలవకి అడ్డుకట్ట వేసి నీళ్ళని పక్క చెరువులోకి తిప్పినట్టు, వాటిని డబ్బాలోని ప్రోటీన్ జెల్‌లోకి తిప్పేస్తుంది. న్యూరల్ డైవర్షన్ అన్నారు శాస్త్రవేత్తలు. తెలుగులో నాడీ మళ్ళింపు. ఇప్పుడు రుచి తెలియదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకుని, నాలుకతో పని లేకుండానే, అప్పుడే తిన్నట్టు అనుభవించవచ్చు. అదీ ఒక్కసారే, దాచుకున్న మనిషే.

ఇటలీలో ఇది అమ్ముడుపోలేదు. తినేది ఇప్పుడైతే రుచి ఎప్పుడో ఎందుకని వాళ్ళు తెల్లమొహం వేశారు. మన దగ్గర ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. కొత్త సోఫాకి ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే దాన్ని పాతది చేసేవాళ్ళకి, పింగాణీ కప్పులు చుట్టాల కోసం దాచి తాము స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్ళకి ఇందులో అడగడానికేముంది?

పైగా నిహాంత్‌కి బలమైన కారణం ఉంది. జోషితది నరాల జబ్బు. ప్రాణానికి భయం లేదు గానీ ఏడాది తిరిగేలోగా రుచి, వాసన పూర్తిగా పోతాయని డాక్టర్లు తేల్చేశారు. జోషిత ఏడవలేదు. "పోయేలోపు ఒక్కసారి సిసిలీ వెళ్ళి కడుపారా తినొద్దామండీ," అంది. చిన్నప్పుడు ఫోనులో చూసిన వంటల వీడియోల నుంచి పట్టుకున్న కోరిక అది.

"తినేస్తే అయిపోతుంది జోషీ. దాచుకుంటే ఉంటుంది," అన్నాడు నిహాంత్. ప్రేమతోనే అన్నాడు. అందుకే ఆమె కాదనలేకపోయింది.

మర్నాడు మొన్రియాలె చర్చికి తీసుకెళ్ళారు. తొమ్మిదొందల ఏళ్ళనాటి కట్టడం. గోడల నిండా బంగారు గాజుముక్కలు అతికి చేసిన బొమ్మలు. బస్సులోని తెలుగువాళ్ళంతా లోపలికెళ్ళి, తలలెత్తి, బటన్లు నొక్కారు. భరిణెలు ఆకారాలు వదిలేసి అందాన్ని లాగేసుకున్నాయి. అందరికీ సిమెంటు గోడౌను కనిపించింది. బాగుందనుకుంటూ బయటికొచ్చారు.

చర్చి ఎదురు కొట్టులో కన్నోలి తెచ్చారు. గొట్టంలా చుట్టిన కజ్జికాయ అనుకోవచ్చు, లోపల జున్నులాంటి తీపి, చివర్న పిస్తా పలుకులు. నిహాంత్ ఠక్కున లేచాడు.

"బస్సులో ముందు సీట్లో కర్చీఫ్ వేసొచ్చాను. ఆ గుంటూరాయన తీసేసి కూర్చునే రకం. చూసొస్తా. నువ్వు నొక్కు, మర్చిపోకు."

వానాకాలానికి డాక్టర్లు చెప్పినట్టే అయింది. జోషితకి ముందు కాఫీ వాసన పోయింది, తర్వాత ఉప్పు, తర్వాత అన్నీ. వంట మాత్రం మానలేదు. కొన్నిరోజులు పప్పులో ఉప్పుండదు, కొన్నిరోజులు నోట్లో పెట్టలేనంత ఉంటుంది. నిహాంత్ రెండూ మాట్లాడకుండా తిన్నాడు.

భరిణెలు మాత్రం షోకేసులో, పాలిథీన్ కవరు కింద, భద్రంగా ఉన్నాయి. శ్రావణమాసం వెళ్ళనీ అన్నాడు. దసరాకి అన్నాడు. మనవరాలి పుట్టినరోజుకి అన్నాడు. ఎవరైనా ఇంటికొస్తే, "ఇది కపొనాతా, ఇది చర్చి," అని వేలితో చూపించేవాడు. వాళ్ళు చూసి, తమ ఇంట్లో ఉన్న పారిస్ గురించి చెప్పేవాళ్ళు.

ఈలోగా జోషిత సగమైంది. తిండి ముందు కూర్చుని లేచిపోయేది. ఆఖరికి ఒకరోజు నిహాంతే కవరు తీసి, భరిణెలన్నీ సంచీలో వేసి, వాటిని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ మిహిర ల్యాబుకి ఆమెని తీసుకెళ్ళాడు.

మిహిర పట్టీ అంటించి మొదటి భరిణె తెరిచింది. జోషిత కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ మొహంలో ఏ మార్పూ లేదు.

"వంకాయేనా? పులుపు తెలుస్తోందా?" నిహాంత్ ముందుకి వంగాడు.

"మీరు తెలుస్తున్నారండీ."

"నేనా?"

"'నొక్కావా? దీపం వెలిగిందా? మోచెయ్యి జాగ్రత్త.' అంతే. మళ్ళీ మొదటి నుంచి అదే."

రెండోది తెరిచారు. నొక్కావా. చర్చిది తెరిచారు. బంగారం లేదు, "అందరూ నొక్కారు, నువ్వు నొక్కావా?" ఉంది.

"పాడైపోయినట్టున్నాయమ్మా," అన్నాడు నిహాంత్.

"లేదు సార్, బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి," అంది మిహిర నేల చూస్తూ. "ఇది నాలుక మీదున్నదాన్ని దాచదు. మనసు దేని మీదుంటే దాన్ని దాస్తుంది. అందరివీ ఇంతే. మూడేళ్ళయింది మార్కెట్లో పెట్టి, ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇంతవరకు ఎవరూ తెరవలేదు."

ఇంక మిగిలింది కన్నోలి. నిహాంత్ దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఇందులో ఉంటుందమ్మా! అప్పుడు నేను పక్కన లేను."

మిహిర తెరిచింది. డబ్బా ఎర్రదీపం చూపించి, "ఖాళీ," అంది ఆడగొంతుతో, మర్యాదగా.

"నేను నొక్కలేదండీ," అంది జోషిత. "మీరు అటెళ్ళగానే తినేశాను. నిజంగా తిన్నాను."

మిహిర కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "అయితే అది మీ జ్ఞాపకంలో ఉందండీ! నరాలు పోయినా జ్ఞాపకం పోదు. కళ్ళు మూసుకుని తలుచుకోండి. ఎలా ఉంది?"

జోషిత కళ్ళు మూసుకోలేదు. ఖాళీ డబ్బా వంకే చూస్తూ ఉండిపోయింది.

"చాలా బావుంది. అందుకే ఇన్నాళ్ళూ తలుచుకోలేదు. ఊరికే తలుచుకుంటే అరిగిపోతుందని భయం. అన్నీ పోయాక, ఏదో ఒక మంచి రోజున తలుచుకుందామని దాచుకున్నా. మొన్న మన పెళ్ళిరోజున కూర్చుని తలుచుకున్నానండీ." ఆగింది. "బావుంది అని గుర్తుంది. ఏం బావుందో రాలేదు."

మిహిర ఖాళీ భరిణెల్ని చెత్తబుట్టలో వెయ్యబోయింది.

"అయ్యో, పారెయ్యకమ్మా, మూతలు గట్టిగా ఉన్నాయి," అంది జోషిత వాటిని సంచీలోకి తీసుకుంటూ. "పోపుగింజలు పోసుకుంటే వాసన పోకుండా ఉంటాయి."