గుక్కెడు గోదావరి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! అర్ధరాత్రికి ఎంత బలముందో, సూర్యుడు నడినెత్తిన నిలిచే ఆ ఘడియకీ అంత బలముందని క్షుద్రోపాసకులకు తెలుసు. ముక్తేశ్వరం దాటాక గౌతమీ గోదావరి ఒడ్డున కొబ్బరితోటలో ఆకు కదలడం లేదు. పట్టపగలు ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఆగింది... మళ్ళీ కూసింది.

తోట నడుమ నెత్తుటి రంగు ముగ్గు. అందులో లక్ష్మీతులసి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎదురుగా ఒక నిమ్మకాయ, తమలపాకులో చిన్న ఎముక ముక్క. అది ఆమె భర్త శివశంకర్ కపాలంలోది.

గల్ఫులో భవనాల పనికి వెళ్ళిన శివశంకర్ ఎండదెబ్బకి అక్కడే కూలిపోయాడు. ఇరవైమూడు రోజులకి పెట్టె వచ్చింది. ముఖం చూడొద్దన్నారు పెద్దలు. ఊరంతా వెంట నడిచింది, పూలు చల్లింది. తులసి మాత్రం ఆ పెట్టెలో ఉన్నది తన మనిషేనని నమ్మలేకుండానే ఏడ్చింది.

దహనమైన మూడోనాడు ఏరిన అస్థికలని కొత్తకుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, రేవులో నేరేడుకొమ్మకి వేలాడదీశారు. పదోనాడు గోదావరిలో కలిపేదాకా వాటిని గడప లోపలికి తేకూడదు. చెట్టున ఉన్న కుండకి కాపలా ఎవరుంటారు? తాయెత్తులు కట్టే జగ్గయ్యకి కావలసింది అదే.

"కపాలంలో ముక్క ఒక్కటి తెచ్చియ్యి తల్లీ. నీ మొగుణ్ణి మాట్లాడిస్తాను" అన్నాడు.

"ఒక్క మాట చాలండీ. ఆయన గొంతు వినపడితే చాలండీ" అంది తులసి. ఆరోనాడే ఈ అమావాస్య. ఆ పొద్దున్న ఎవరూ చూడకుండా కుండ మూతి విప్పింది. మునిగిపోయే మనిషి గడ్డిపోచనైనా పట్టుకుంటుంది, ఆమెనేమనగలం! పాపమంతా ఆ దుర్మార్గుడిది.

వాడు ఆమెకి చెప్పనిది ఒకటుంది. గొంతులో నీటిచుక్క పడకుండా పోయిన ప్రాణం దాహంతో అలమటిస్తూ తిరుగుతుంది. ఆ దాహం తీరనంతకాలం, తనని పట్టినవాడికి ఊడిగం చేస్తుంది. అందుకే ఆ ముక్కని గోదావరి చేరనివ్వకుండా దాచుకోవాలని వాడి పన్నాగం. ముగ్గులోకి నీళ్ళు రానివ్వనిదీ అందుకే.

ముగ్గు అంచున కూర్చున్న జగ్గయ్య పెదవులు వేగంగా కదిలాయి... నిమ్మకాయ నల్లబడింది... తులసి మెడ వెనక్కి వాలిపోయింది! తెల్లగుడ్లు తేలాయి. ఆమె గొంతులోంచి ఒక మగగొంతు, ఎండిపోయి, బీటలు వారి...

"దాహం... అమ్మా... దాహం..."

"ఇస్తానురా, చెప్పిన పనల్లా చేస్తే ఇస్తాను" అని నవ్వాడు జగ్గయ్య.

రేవులో స్నానానికి వచ్చిన శివశంకర్ తల్లి అప్పాయమ్మ, కుండ మూతి విప్పి ఉండడం చూసి కంగారుగా వెతుకుతోంది. తోటలోంచి ఆ గొంతు వినిపించింది. కన్నతల్లికి అది ఎవరిదో ఒకరు చెప్పాలా? తడిచీరతో, చేతిలో చెంబెడు గోదావరి నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది.

"ముగ్గు దాటేవో నెత్తురు కక్కుకుని చస్తావే ముసల్దానా!"

"చస్తే చస్తాను లెండి. నా బిడ్డ నీళ్ళడుగుతున్నాడు" అంటూ ఆమె ముగ్గు తొక్కుకుంటూ వచ్చేసింది. కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. "తాగు నాన్నా. ఆ రోజు నేను దగ్గర లేను కదా" అంటూ చెంబు వంచింది. ఒక గుక్క... రెండు... మూడు. తులసి గుండెలోంచి ఒక దీర్ఘమైన నిట్టూర్పు వెలువడింది. అంతే, ఆ ప్రాణం చల్లబడి వెళ్ళిపోయింది.

ప్రాణం వెళ్ళిపోయింది గానీ... దాహం వెళ్ళలేదు! లేపినవాణ్ణే పట్టుకుంది. జగ్గయ్య నాలుక పిడచగట్టింది. కేక పెట్టబోతే శబ్దం రాలేదు. గోదావరికి పరిగెత్తాడు. దోసిళ్ళతో తాగాడు, చాలలేదు... మోకాలిలోతు, నడుంలోతు, గొంతులోతు... తాగుతూనే ఉన్నాడు. తల మునిగాక కూడా కాసేపు బుడగలు వచ్చాయి. తరవాత గోదావరి మామూలుగా పారింది.

అప్పాయమ్మ ఎముక ముక్కని కుండలో వేసి గుడ్డ కట్టింది. తులసి మెల్లగా కళ్ళు తెరిచింది.

"ఆయనొచ్చేరా అత్తయ్యగారూ?"

"ఆయ్, వచ్చేడమ్మా."

"నాకేం వినపడలేదండీ. ఏమన్నారండీ?"

ఆ మాట కోసం ఇంత పాపానికి ఒడిగట్టిన మనిషి, తన గొంతులోంచే పలికిన మాటని తనే వినలేదు! అప్పాయమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. ఖాళీ చెంబు పక్కన పెట్టి, కోడలి నుదుటి మీది జుట్టు సవరించింది.

"తులసి అన్నం తిందా అని అడిగేడమ్మా" అంది.

పెట్టె వచ్చిన రోజు నుంచి మెతుకు ముట్టని తులసి ఆ పూట అన్నం తింది.