కరెంటు వచ్చాక

దుబాయ్ దగ్గర రాస్ అల్ ఖైమాలో రాళ్ళ క్వారీ పక్కన ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అందులో కిటికీ పక్క మంచమంటే కూలీల క్యాంపులో అందరికీ హడల్. రాత్రి కరెంటు పోతుంది... వస్తుంది... వచ్చాక ఆ మంచం మీద మనిషి దక్కడు. మొదట అక్కడ పోయిన డ్రైవర్ మీరావలి దెయ్యమై వచ్చి ఛాతీ మీద కూర్చుంటాడని చెప్పుకునేవారు.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో మా భీమయ్య బామ్మర్ది లింబాద్రిని ఆ మంచం మీదే వేశారు. క్వారీలో ఎండకి కూలబడ్డాడు. గుండె దడ తగ్గడం లేదు. ఆ రాత్రి సంగతి భీమయ్య నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

"సిస్టరమ్మా, నీ కాల్మొక్త. ఇంకో మంచం మీద ఎయ్యి," అని నర్సు దయారాణిని బతిమాలాడు.

ఆమె గుంటూరు వైపు మనిషి. "ఎక్కడికి మార్చనన్నా? ఈ వార్డులో మందెక్కించే మిషనుకి ప్లగ్గు ఇక్కడే ఉంది," అంది.

ఆ మిషన్లు అప్పుడప్పుడే వచ్చాయి. ఒకసారి నంబరు పెడితే చాలు — గుండె మందును చుక్క చుక్కగా అదే ఎక్కిస్తుంది. నర్సు పక్కనే కూర్చుని చూడక్కర్లేదు.

భీమయ్య బామ్మర్ది చెయ్యి వదల్లేదు. భార్య కిష్టవ్వకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. వాణ్ణి దుబాయ్ రమ్మన్నది భీమయ్యే.

నడిరాత్రి కరెంటు పోయింది. ఏసీ ఆగింది... బయటెక్కడో జనరేటర్ గుర్రుమంది. లైట్లు వెలిగాయి —

"బావా..." లింబాద్రి కళ్ళు తేలేస్తున్నాడు. "ఛాతి మీద... ఎవరో కూసున్నరు..."

భీమయ్యకు ఎవరూ కనిపించలేదు. ఉత్త గాలిని పిడికిళ్ళతో గుద్దాడు. "ఇడిషిపెట్టు మీరావలీ! నీకు దండం పెడ్త... కావాల్నంటే నన్ను తీస్కపో!"

లింబాద్రి గొంతులో గురక మొదలైంది. భీమయ్య ఇక ఆగలేకపోయాడు. బామ్మర్దిని రెండు చేతులా ఎత్తి మంచం మీది నుంచి లాగేశాడు. చేతి సూది ఊడొచ్చింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

దయారాణి పరుగెత్తుకొచ్చింది. తిట్టబోయి... ఆగిపోయింది.

ఊడిన గొట్టంలోంచి మందు కారుతోంది. చుక్కలుగా కాదు — ధారగా.

"తక్కువలోనే పెట్టాను కదా..." మిషను మీదికి వంగింది. నంబరు చిట్టచివరికి పోయి ఉంది. తగ్గించింది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టింది. నంబరు మళ్ళీ చివరికే పోయింది.

ఆమె భీమయ్య వైపు తిరిగింది. "దెయ్యం కాదన్నా... కరెంటు పోయొస్తే ఇది మనం పెట్టిన నంబరు మర్చిపోతోంది. మందంతా ఒక్కసారే తోసేస్తోంది."

కాసేపటికి లింబాద్రి ఊపిరి దారిలో పడింది. కళ్ళు తెరిచి, "బావా, నీళ్ళు..." అన్నాడు. భీమయ్య వాడి తల ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"బతికిండు సిస్టరమ్మా... బతికిండు..."

అప్పటిదాకా వాడి నాడి పట్టుకుని కూర్చున్న దయారాణి ఒక్కసారిగా తలెత్తింది.

"రెండో మిషను..." అంది. "సాయంత్రం ఆడవాళ్ళ వార్డులో హలీమాబీకి పెట్టాం..."

కరెంటు అక్కడా పోయింది కదా.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీసింది. వరండా సగం దాటిందో లేదో — అటు నుంచి హలీమాబీ కూతురి గొంతు వినిపించింది.

"అమ్మీ... కరెంటొచ్చింది... లే అమ్మీ..."