చేతుల మడ

నాగాయలంక దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక పాత మడ అడవి ఉంది. దానికి చేతుల మడ అని పేరు. అక్కడి మానుల మీద తెల్లటి అరచేతులు అతుక్కుని ఉంటాయి — వేళ్ళు విచ్చుకుని, అంచులు ఆకుల్లా కాస్త పైకి లేచి. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆ చెట్లను కరుచుకుని, తెల్లవారకముందే పట్టు వదిలినవాళ్ళ చేతులవి అని చెప్పుకుంటారు.

పీతలకు వెళ్ళేవాళ్ళు దారిలో ఎదురైన ప్రతి చేతికీ బురద పూసి కప్పేస్తారు. కప్పిన చెయ్యి మనిషిని పట్టుకోలేదని నమ్మకం. వానలు ఆ బురదను కడిగేస్తాయి, మళ్ళీ పూస్తారు. భయాన్ని మనం పోగొట్టుకోం. దాని మీద కాస్త మన్ను కప్పి, పక్కనుంచి నడిచిపోతాం.

ఆ మాఘ పున్నమి సాయంత్రం జాన్ పాల్ ఒక్కడే బయలుదేరాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న రావమ్మ తలెత్తింది. వరసకు అతనికి పెద్దమ్మ. ఉప్పెన రాత్రి ఆ మడలోనే చెట్టు పట్టుకుని బతికింది. ఆమె పక్కనే వేలాడిన తమ్ముడు బతకలేదు.

"పున్నమి పోటురా. పొద్దుండగానే వచ్చెయ్."

"ఆ మాట పీతలకి చెప్పు పెద్దమ్మా, త్వరగా దొరకమని."

"చేతులకి పూస్తావుగా?"

"గోరింటాకు పెట్టినట్టు పూస్తాలే."

పూశాడు కూడా. ఒక లావుపాటి మాను మీద, అన్నిటికంటే కిందగా, తన ఛాతీ ఎత్తున ఉన్న చేతిని కూడా వదల్లేదు. పూసి ఒక అడుగు వెనక్కి వేశాడు... కాలు చెట్టు వేళ్ళ మధ్య సందులోకి జారింది.

తొడల దాకా బురద. అడుగున ఏదో వేరు చీలమండను బిగించింది. లాగాడు. మళ్ళీ లాగాడు — ఇంకా బిగిసింది. ఫోను పడవలో ఉండిపోయింది. అరిచాడు. అరుపు చెట్లలోకి పోయింది; ఎవరూ పలకలేదు.

చీకటి పడింది. పీత బొరియల్లోంచి బుడగలు లేస్తున్న చప్పుడు... పోటు మొదలైంది.

నీళ్ళు నడుముకి వచ్చినప్పుడు ప్రార్థన చేశాడు. ఛాతీకి వచ్చేసరికి ప్రార్థనలో మాటలు మరిచిపోయాడు.

మెడ దాకా వచ్చాక ఒకే దారి మిగిలింది. మొలలో కత్తి ఉంది. ఊపిరి బిగబట్టి మునిగి, తడుముకుంటూ ఆ వేరు కొయ్యాలి. మునిగితే, ఒంట్లో మిగిలిన ఓపికతో మళ్ళీ పైకి లేవగలడా — తెలియదు. కత్తి తీశాడు. ఊపిరి పీల్చాడు. వంగబోయాడు —

ఆకుల సందులోంచి వెన్నెల పడింది.

ఎదుటి లావుపాటి మాను మీద, కళ్ళ ముందు... తెల్లటి అరచెయ్యి. ఒక్కటే. ఆగు, అన్నట్టు.

అతను కదల్లేకపోయాడు. కత్తి చేతిలోంచి జారింది. నీళ్ళు గడ్డాన్ని తాకాయి. కింది పెదవిని తాకాయి... ఆగాయి. ఎవరో ఆలోచిస్తున్నట్టు చాలాసేపు అక్కడే నిలిచి, మెల్లగా వెనక్కి తీయడం మొదలుపెట్టాయి.

తెల్లవారుతూనే రావమ్మ నలుగురిని వెంటబెట్టుకొచ్చి అతన్ని తవ్వి తీయించింది.

కాలి వాపు తగ్గింది; ఈలోగా ఒక్క చినుకు కూడా పడలేదు. విజయవాడలో వృక్షశాస్త్రం చదువుతున్న అన్న కూతురు ఏంజెల్ సెలవులకొస్తే, జాన్ పాల్ ఆమెను ఆ మాను దగ్గరికి తీసుకెళ్ళాడు. రావమ్మ కూడా పడవెక్కింది.

ఏంజెల్ ఆ తెల్లటి అంచును గోటితో ఎత్తి చూసి నవ్వింది. "దెయ్యమా పాడా బాబాయ్. ఇది లైకెన్. బిర్యానీలో రాతిపువ్వు వేస్తాం చూడు, దాని చుట్టం. పాత చెట్ల మీద ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ఈ రకం ఉప్పునీళ్ళలో మునిగితే చస్తుంది. అంటే ఎంత పోటు వచ్చినా నీళ్ళు ఇక్కడిదాకా ఎక్కవన్నమాట. నువ్వు బతికింది అందుకే."

జాన్ పాల్ కూడా నవ్వాడు. ఆ రాత్రి తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

రావమ్మ నవ్వలేదు.

"ఆ సాయంత్రం దీనికి బురద పూశావా?"

"పూశా పెద్దమ్మా. అన్నిటికీ పూశా."

ముగ్గురూ చుట్టూ చూశారు. పక్క చెట్ల మీద, అదే మాను మీద పైనున్న చేతుల మీద, ఎండి పగుళ్ళిచ్చిన బురద అలాగే ఉంది. ఈ ఒక్కటే తెల్లగా...

"నీళ్ళు ఇక్కడిదాకా ఎక్కవన్నావు కదా తల్లీ," అంది రావమ్మ, చాలా నెమ్మదిగా. "మరి దీన్నెవరు కడిగారు?"

ఏంజెల్ ఆ అంచు మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

రావమ్మ తన అరచేతిని ఆ చేతికి ఆనించింది. పడవ తిరగాల్సిన వేళ దాటిపోతున్నా తియ్యలేదు.