చెరిపేయాల్సిన సర్వర్

మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్ సెల్లార్‌లో రోహిత్ శవం దొరికింది. నగరంలోని దవాఖానలకు కరెంటు పంచే కంట్రోల్ సర్వర్‌ని, దాన్ని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌ని చూసుకునే ఇంజనీరు అతను.

“మెడ మీద సూది గుర్తుంది,” అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రామచంద్రం. “పోయే ముందు నాకు ఫోన్ చేసిండు. సర్వర్‌ లోపల ‘మల్లి’ అని ఎవ్వరికీ తెల్వని దొంగ లాగిన్ ఉందన్నడు. విదేశీ ముఠా పని. సాయంత్రం ఆ సర్వర్‌ని బయటి నెట్‌వర్క్‌కి కలుపుతరు. ఆ లాగిన్ బతికుంటే ఆపరేషన్ థియేటర్లన్నీ చీకటే.”

“అప్‌గ్రేడా, ఫ్రెష్ ఇన్‌స్టాలా సార్?” అన్నాడు ఏజెంట్ గిరీష్.

“మొత్తం చెరిపితే మళ్ళా లేస్తదన్న గ్యారంటీ లేదు. చెరపకుంటే దొంగ లోపలనే ఉంటడు. నువ్వే తేల్చాలె. అక్కడ మన మనిషి యశస్విని ఉంది.”

మధ్యాహ్నానికి గిరీష్ కొత్త ఇంజనీరు వేషంలో ఆ టవర్ చేరాడు. లిఫ్ట్ దగ్గర ముదురు ఎరుపు చీరలో ఒక అందగత్తె నవ్వింది.

“మెట్రో చందానగర్ దాకా పోతుందా?” అడిగిందామె.

“ఈరోజుకి పోతుంది.”

కోడ్ సరిపోయింది. ఆమే యశస్విని.

సర్వర్ రూమ్‌లో చలి ఎముకల్లోకి దిగుతోంది. గిరీష్ డేటా బ్యాకప్ తీసుకుని, పెన్‌డ్రైవ్‌తో సర్వర్‌ని బూట్ చేశాడు. తెర మీద రెండు దారులు: అప్‌గ్రేడ్, లేదా డిస్క్ చెరిపి కొత్తగా ఇన్‌స్టాల్. కింద ఒక గీత కరుగుతోంది. అది అయిపోతే అప్‌గ్రేడ్ దానంతటదే మొదలవుతుంది.

“అప్‌గ్రేడే మంచిది,” అంది యశస్విని. “సెట్టింగులు పోవు.”

అతనికీ అదే సులువనిపించింది. చెరిపాక సర్వర్ లేవకపోతే ఆ పాపం తనదే.

“ఏ లాగిన్‌లు తప్పకుండా ఉండాలి?”

“అడ్మిన్, బ్యాకప్, మల్లి.”

ఎవ్వరికీ తెలియని ఆ దొంగ లాగిన్ పేరు ఆమె నోట వినగానే గిరీష్‌కి రోహిత్‌ని చంపింది ఎవరో తెలిసిపోయింది. మెల్లగా కీబోర్డు వైపు చెయ్యి చాచాడు.

“చెయ్యి తియ్యి,” అందామె. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. “రోహిత్ కూడా చెరిపేస్తాననే అన్నాడు.”

గీత వెంట్రుకంత మిగిలింది.

గిరీష్ వాచీ బటన్ నొక్కాడు. కళ్ళు చెదిరే వెలుగు. తూటా అతని చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడలో దిగింది. ఎడమచేత్తో ఆమె మణికట్టు విరిచి పట్టుకుని, కుడిచేత్తో ‘డిస్క్ చెరుపు’ ఎంచి ఎంటర్ కొట్టాడు. ‘మల్లి’ మాయమైంది.

గార్డులు యశస్వినిని తీసుకెళ్ళారు. సూర్యుడు దిగుతుండగా సర్వర్ లేచింది. బ్యాకప్ డేటా ఎక్కింది. అప్పటిదాకా జనరేటర్ల మీద నడిచిన దవాఖానల దీపాలు రెప్ప కూడా వేయలేదు.

కొత్త లైనక్స్ మర్యాదగా అడిగింది: ‘మీ అసలు పేరు?’

గిరీష్ ‘రోహిత్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టాడు.